దసరాకు అమ్మమ్మింటికి, నానమ్మింటికి: పసిపిల్లలతో పండుగ ఎట్ల చేసుకోవాలె?

బిడ్డా, నువ్వు రాసింది మొత్తం చదివిన. ఐదేండ్ల పాప, రెండేండ్ల బాబు. ఉండేది హైదరాబాద్‌ల. అత్తగారిల్లు హనుమకొండ, తల్లిగారిల్లు పరకాల దగ్గర పల్లె. పోయిన దసరాకు మూడు దినాల్లనే రెండిండ్లూ తిరిగొచ్చిన్రు. పాప నానమ్మ దగ్గరికి పోకుండ నీ కాళ్లకే చుట్టుకొని తిరిగింది. "పిల్లలను మాకు అలవాటు చేస్తలేరు" అని మీ అత్తమ్మ బాధపడ్డది. బతుకమ్మ ఆఖరి దినం, "సద్దుల నాడైనా ఉండకపోతివి" అని మీ అమ్మ అలిగింది. బాబుకు విరేచనాలు పట్టుకున్నయి. పిల్లలు ఏడ్వకుండ తాత ఫోన్ చేతికిచ్చిండు. ఈసారి ఎటూ పోకుండ హైదరాబాద్‌లనే ఉందామా అని అడిగినవు. చివర్ల మేడారం మొక్కు సంగతి కూడా అడిగినవు.

పోండ్రి. తప్పకుండ పోండ్రి. కాకపోతే పోయే తీరు మార్చుకోవాలె. నేను అంగన్‌వాడీ సూపర్‌వైజర్‌గ వరంగల్ చుట్టుపక్కల ఊర్లల్ల చానా ఏండ్లు పనిచేసి రిటైరైన. ఇప్పుడు నేనే నానమ్మను, నేనే అమ్మమ్మను. పసిపిల్లలు ఒక కొత్త మనిషికి ఎట్ల దగ్గరైతరో చూసుడే నా ఉద్యోగంల సగం పని. నేను చెప్పేది ఒక్కటే: పిల్లకు, పెద్దమనిషికి నడుమ ఒక పని పెట్టు. పెట్టి నువ్వు అక్కడి నుంచి జరుగు.

ఇప్పుడు జరిగేది ఏందో చూడు. కారు దిగంగనే నానమ్మ, తాత, మేనత్త, పక్కింటి పెద్దమ్మ అందరూ వాకిట్ల నిలబడి "రా నా తల్లీ, నా దగ్గరికి రావా?" అని చేతులు చాపుతరు. గంటల తరబడి కార్ల కూసోని, సగం నిద్రల ఉన్న పిల్లకు అంతమంది మొఖాలు ఒక్కసారే మీదికి వస్తే ఏం చేస్తది? అమ్మ ఎనక దాక్కుంటది. ఎనిమిది తొమ్మిది నెలల వయసు కాన్నుంచే కొత్తోళ్లను చూసి బెదురుడు మొదలైతది. కొందరికి రెండు మూడేండ్లకు తగ్గుతది. కొందరు పిల్లల గుణమే మెల్లగ కలిసే గుణం, ఐదారేండ్లకు కూడా అట్లనే ఉంటరు. అది నీ పెంపకం లోపం కాదు, మీ అత్తమ్మ మీద పాపకు ఇష్టం లేక కాదు. ఆ గడియల నువ్వు "పో, నానమ్మకు ముద్దు పెట్టు" అని వీపు మీద చెయ్యి వేసి నెట్టినవనుకో, పాపకు ఆ నెట్టుడే యాదికుంటది.

అంగన్‌వాడీల కొత్తగ చేరిన పిల్ల ఏడుస్తుంటే అనుభవమున్న టీచరు ఎత్తుకోదు. కొంచెం దూరంల కూసోని చింతగింజలు, కానుగ గింజలు కలిపి ముందట పోసుకుంటది. ఇవి ఒక కుప్ప, అవి ఒక కుప్ప ఏరుకుంట ఉంటది. పిల్ల దిక్కు చూడను కూడా చూడదు. కొంచెం సేపైనంక పిల్లనే జరుక్కుంట వస్తది, ఒక గింజ తీసి కుప్పల వేస్తది. "అది ఇటు" అంటది టీచరు. అంతే. సాయంత్రానికి ఒళ్లోకి వచ్చేది ఆ పిల్లనే.

మన బతుకమ్మ పండుగ మొత్తం ఇసొంటి పనే కదా. చిన్న చేతులకు ఇంత పని ఇచ్చే పండుగ ఇంకోటి నాకు తెల్వదు. బతుకమ్మ తొలి దినం, ఎంగిలిపూల నాడు పొద్దున్నే మార్కెట్ నుంచో చెలకల నుంచో పూలొస్తయి. అత్తమ్మ చాప పరిచి గునుగు మోపు విప్పుతది. పాపను ఆ చాప మీద కూసోబెట్టి నువ్వు వంటింట్లకు పో. గునుగు కాడల ఆకులు దూసెయ్యాలె, ఒకటే పొడుగున కొయ్యాలె, కట్టలు కట్టాలె. కత్తి పట్టేది నానమ్మ. పది పన్నెండు కాడలు పిడికిట్ల పట్టుకొని, కొసలు సమానమయ్యేటట్టు చాప మీద టకటక కొట్టుడు మాత్రం ఐదేండ్ల చేతికి అచ్చంగ సరిపోయే పని. దారం చుట్టేది నానమ్మ, ముడి జారకుండ వేలు పెట్టి అదిమేది పాప. ఆ వేలు ముడిల ఇరుక్కుంటది, ఇద్దరూ నవ్వుతరు. "నానమ్మకు ముద్దు పెట్టు" అని నువ్వు పదిసార్లు చెప్పినా రాని దగ్గరితనం అక్కడ వస్తది. తెల్ల గునుగును రంగునీళ్లల్ల ముంచే పని కూడా పాపకే ఇయ్యిండ్రి. పాత గౌను వేసి పంపు, మీద రంగు పడితే ఏమనకు.

తాంబాలంల గుమ్మడి ఆకులు పరిచి, చుట్టూ తంగేడు, మీద గునుగు, బంతి, చామంతి, కట్ల పూలు వరుస వెంబడి వరుస పేర్చుకుంట పోతరు కదా. నడుమ ఖాళీ ఉంటది. దాంట్ల ఆకులు, తొడిమెలు, తుంచిపారేసిన కాడలు కూరుడు పాప పని. అది గట్టిగ కూరకపోతే బతుకమ్మ పక్కకు ఒరుగుతది కాబట్టి పాప చేసేది ఉత్తుత్త పని కాదు. ఉత్తుత్త పని ఇస్తే పిల్లలకు వెంటనే తెలుస్తది, వదిలేసి పోతరు.

పెద్ద బతుకమ్మ పక్కన పిల్ల బతుకమ్మను పెట్టుడు మనకు ఎట్లాగూ ఉన్నదే. దాన్ని పూర్తిగ పాపకు ఒదిలేయిండ్రి. వంకర వస్తది, రానియ్యి. సరిచేయొద్దని అత్తమ్మకు ముందే చెప్పి పెట్టు. మా మనవరాలు బెంగళూరు నుంచి వచ్చిన తొలినాడు నాతోని ఒక్క మాట మాట్లాడలేదు. పసుపు ముద్ద చేతిల పెట్టి గౌరమ్మను చేయమన్న. వేలంత మనిషిని చేసి, పోపుల డబ్బాల నుంచి రెండు మిరియాలు తెచ్చి కండ్లు పెట్టింది. నేనేమీ అనకుండ అట్లనే గుమ్మడి పువ్వుల కూసోబెట్టిన. చెరువు కాడ "మా గౌరమ్మకు కండ్లున్నయి" అని వాడకట్టు ఆడోళ్లందరికీ చూపించుకుంట తిరిగింది. ఆ రాత్రి నా పక్కనే పన్నది.

బాబు మగపిల్లగాడు కదా అని పక్కన పెట్టకుండ్రి. చెలకల పొంటి తిరిగి తంగేడు, గునుగు కోసుకొచ్చేది ఊర్లల్ల చానా వరకు మగోళ్లే. రెండేండ్లోనికి బంతిపూల రెక్కలు తుంచి గంపల వేసుడు సరిపోతది. మీ అమ్మోళ్ల ఊర్ల ఇంకా బొడ్డెమ్మ వేస్తుంటే అది ఇంకా మంచిది. బతుకమ్మకు ముందటి తొమ్మిది దినాలు ఆడపిల్లలు ఆడే ఆట అది. పుట్టమన్ను తెచ్చి తడిపి, మెట్లు మెట్లుగ చేసుడంటే పసిపిల్లలకు అంతకన్నా ఏం కావాలె? సెలవులు ఆ దినాలకు దొరకవు గానీ, అమ్మమ్మతోని చెప్తే అంత మన్ను తడిపి వాకిట్ల ఎప్పుడైనా వేయిస్తది.

దసరా నాటి సంగతి కూడా ఇట్లనే చూసుకో. కాళ్లు మొక్కుమని, అలాయ్ బలాయ్ తీసుకొమ్మని పిల్లలను ఒక్కొక్కరి ముందటికి లాగుతుంటరు. జమ్మి ఉన్నది కదా! పాప చేతికి నిండుగ జమ్మాకు ఇయ్యి. "ఇది బంగారం, ఇంట్ల అందరికీ నువ్వే పంచాలె" అని చెప్పు. పెద్దోళ్ల చేతుల ఆకు పెట్టి దండం పెడితే మర్యాద తీరినట్టే. ఇష్టమైతే కాళ్లు మొక్కుతది, ఇష్టమైతే అలుముకుంటది. ఇయ్యొచ్చిన పిల్లకు బెరుకు ఉండదు, అందరి ముందట తనను ఇయ్యమంటేనే బెరుకు. పెద్దోళ్లు ఎట్లాగూ చేతుల నోటు పెడతరు, అది వేరే సంబురం. పాలపిట్టను చూసే పని తాతకు అప్పజెప్పు. సాయంత్రం జమ్మికి పోయేటప్పుడు తాత భుజం మీద ఎక్కి కరెంటు తీగల మీద వెతుక్కుంట పోయిన పిల్లకు ఆ తాత కొత్తోడు కాదు.

ఇగ ఏ ఇంట్ల ఎన్ని దినాలు అనేది. రెండు మూడు దినాల పోక పసిపిల్లలతోని పనికిరాదు. కొత్త ఇల్లు, కొత్త నీళ్లు, కొత్త నిద్ర అలవాటయ్యేసరికే సంచి సర్దుతరు. మన తెలంగాణల దసరా సెలవులు బతుకమ్మ మొదలయ్యేసరికే వస్తున్నయి, దగ్గర దగ్గర రెండు వారాలు. పాపకు సెలవే కాబట్టి నువ్వు లీవు పెట్టో, ఇంటి నుంచి పనిచేసుకుంటనో ముందుగాలనే పో. మీ ఆయన సద్దులకు వస్తడు. ఎంగిలిపూల నుంచి ఐదో నాటి అట్ల బతుకమ్మ దాకా హనుమకొండల ఉండు. ఆరోనాడు అలిగిన బతుకమ్మ, ఆ దినం పేర్చరు, ఆడరు, నైవేద్యం పెట్టరు. ఇల్లు మారనీకి అంతకన్నా మంచి దినం లేదు. ఆనాడు పొద్దున్నే, ఎండ ఎక్కకముందు పరకాలకు పో, మీ అమ్మకు ఏడోనాటి వేపకాయల బతుకమ్మ నుంచి సద్దుల దాకా దక్కుతరు. దసరా నాడు మధ్యాహ్నం బయలెల్లి సాయంత్రం జమ్మికి హనుమకొండల ఉండొచ్చు. మీ ఊరి నుంచి హైదరాబాద్ తొవ్వ ఎట్లాగూ హనుమకొండ మీది నుంచే కదా. ఇట్లయితే ఇద్దరు పెద్దమనుషులకూ పండుగల పెద్ద దినం ఒకటి చేతిల ఉంటది, ఆడబిడ్డ బతుకమ్మకు తల్లిగారింట్ల ఉండాలె అనే మన పాత పద్ధతీ నిలుస్తది. ఫలానా బతుకమ్మ ఫలానా ఇంట్లనే ఆడాలె అనే పట్టింపు మీ వాళ్లకు ఉంటే ముందే అడిగి తెలుసుకో, దానికి తగ్గట్టు అటిటు చెయ్యి. మన ఆనవాయితీలు అంత బిగుసుకపోయినయి కావు. వేములవాడల ఏడో నాడే సద్దుల బతుకమ్మ ఆడతరు. ఆడబిడ్డలు తల్లిగారింట్ల ఒకసారి, అత్తగారింట్ల ఒకసారి సద్దులు ఆడుకోవచ్చు అంటరు అక్కడోళ్లు.

ఈ లెక్కను మీ అత్తమ్మకు చెప్పేది మీ ఆయన, మీ అమ్మకు చెప్పేది నువ్వు. ఇది మాత్రం మార్చకు. కోడలు నోటి నుంచి వచ్చిన దినాల లెక్క అత్తకు బేరం లెక్క వినబడతది, అదే మాట కొడుకు చెప్తే ఖబురు. నెల ముందే చెప్పుండ్రి, పూలకు, పిండికి వాళ్లు తయారుగ ఉంటరు.

నిద్ర, తిండి. ఇక్కడ జర పట్టుగ ఉండాలె. రెండేండ్ల పిల్లగానికి పగటి నిద్రతోని కలిపి దినానికి 11 నుంచి 14 గంటల నిద్ర కావాలె, ఐదేండ్ల పిల్లకు 10 నుంచి 13 గంటలు. బతుకమ్మ ఆట మొదలయ్యేదే పొద్దుగూకినంక, సద్దుల నాడు రాత్రి తొమ్మిది పది అయితది. మధ్యాహ్నం నిద్ర పోగొట్టి, సాయంత్రం పట్టుబట్టలు తొడిగి, జనంల నిలబెట్టి, "ఎందుకు ఏడుస్తుండు వీడు" అని అడుగుతం. మధ్యాహ్నం ఒక గదిల పరదాలు వేసి ఇద్దరినీ పండబెట్టు. ఆ గంటన్నర చుట్టాలెవ్వరు వచ్చినా లేపొద్దని అత్తమ్మతోనే అందరికీ చెప్పించు. ఇంటి పెద్దమనిషి చెప్పిన మాటకు ఎదురుండదు. పోయేముందు కడుపు నిండ తినిపించు. పట్టుబట్టలు ఫొటో దిగే దాకే, తర్వాత నూలు అంగీ తొడుగు.

నానమ్మ చెయ్యి ఆగదు, ఏదో ఒకటి నోట్ల పెడతనే ఉంటది. వద్దు వద్దు అంటే మనసు నొచ్చుకుంటది. "ఇది పెట్టు అత్తమ్మా" అని మంచిది చూపించు. బతుకమ్మ నైవేద్యాలల్లనే పసిపిల్లల తిండి ఎంత ఉన్నదో చూడు. రెండోనాటి చప్పిడి పప్పు, బెల్లం, మూడోనాటి ముద్దపప్పు, ఐదోనాటి అట్లు, ఎనిమిదోనాటి నువ్వులు, వెన్న, బెల్లం ముద్దలు, సద్దుల నాటి పెరుగన్నం. రొట్టెను బెల్లం, నెయ్యి వేసి మెత్తగ పిసికిన మలీద అయితే బాబుకు పూటతిండే. నాలుగోనాటి నానబియ్యం మాత్రం పచ్చి బియ్యమే కాబట్టి బాబుకు వద్దు. బియ్యప్పిండిని వేపకాయల తీరు చేసి నూనెల గోలిచ్చిన వేపకాయలు పాప రెండు తినొచ్చు, బాబుకు వద్దు.

సద్దుల నాడు భయపడేది సత్తుపిండికే. మక్కలు, పల్లీలు, నువ్వులు వేయించి కొట్టిన పొడి పిండి పిల్లలు బుక్కెడు నోట్ల పోసుకొని నవ్వుతరు. ఆ పొడి ఊపిరి గొట్టంలకు పోతే పొలమారి ఊపిరాడదు. బాబుకు నెయ్యి, పాలు పోసి ముద్ద చేసి, కూసోబెట్టి పెట్టాలె. పల్లీలు, పుట్నాలు గింజ గింజగ నాలుగేండ్లు దాటే దాకా ఇయ్యనే ఇయ్యొద్దు. ప్రసాదం అని ఎవరో ఒకరు చేతుల పోస్తరు, కండ్లు అటే ఉండాలె.

నీళ్లు కాచి చల్లార్చినయే తాపు, రెండిండ్లల్లనూ. సంచిల ఓఆర్ఎస్ ప్యాకెట్లు పెట్టుకో. పెద్ద ప్యాకెట్ అయితే పూర తీసి ఒక లీటరు నీళ్లల్ల కలపాలె, సగం సగం కలపొద్దు, కలిపింది ఒక దినం దాటితే పారబోయాలె. విరేచనం అయినప్పుడల్లా చెంచతోని కొద్దికొద్దిగ తాపుకుంట, తినే తిండి ఆపకుండ పెట్టు. జింకు మందు డాక్టరు రాస్తే 14 దినాలు వేయాలె, విరేచనాలు తగ్గినయని నడుమ ఆపొద్దు. రక్తం పడ్డా, మూత్రం ఆరు గంటలు రాకపోయినా, కండ్లు గుంటలు పడి మగతగ ఉన్నా ఇంట్ల ఆగొద్దు, దవాఖానకు పోవాలె.

పండుగ హడావుడిల ఎవ్వరూ చెప్పని రెండు మాటలు చెప్త, మనసుల పెట్టుకో. ఒకటి, పెద్దోళ్ల గోలీలు. షుగర్ గోలీలు, బీపీ గోలీలు మంచం మీద మెత్త కిందనో, టీవీ బల్ల మీదనో ఉంటయి. కొన్ని రకాల షుగర్ గోలీలు రెండేండ్ల పిల్లగాడు ఒక్కటి మింగినా రక్తంల చక్కెర పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఇంట్ల అడుగు పెట్టిన వెంటనే గోలీల డబ్బాను ఎత్తు అల్మారిల పెట్టే పని నువ్వు చెయ్యి. "మీ గోలీలు పోకుండ పైన పెడుతున్న తాతా" అని చెప్తే ఎవ్వరూ ఏమనుకోరు.

రెండోది పత్తి మందు. మీ నాన్న పత్తి పెడతడని రాసినవు. దసరా నాటికి పత్తికి ఇంకా మందు కొడుతనే ఉంటరు. డబ్బాలు కొట్టంల, మంచం కింద, బోరింగు పక్కన ఉంటయి. మిగిలిన మందు కూల్‌డ్రింక్ సీసల పోసి పెట్టే ఇండ్లు నేను కండ్లార చూసిన. పోయే ముందటి వారమే నాన్నకు ఫోన్ చేసి "మందులన్నీ తాళమేసిన గదిల పెట్టు బాపు" అని చెప్పు, పోయినంక నువ్వు ఒకసారి తిరిగి చూసుకో. మందు కొట్టిన చెలకలకు పిల్లలను తీసుకపోవద్దు. ఒకవేళ మింగితే కక్కించే ప్రయత్నం చేయొద్దు. మీద పడితే బట్టలిప్పి సబ్బుతోని కడుగాలె. 108కు ఫోన్ చేసి, డబ్బాను కూడా దవాఖానకు పట్టుకపోవాలె, ఏ మందో చూస్తేనే డాక్టరుకు తెలుస్తది.

చెరువు కాడ ఒక్కటే నియమం: బాబును చూసుకునే మనిషి ఆనాడు బతుకమ్మ ఆడదు, ఫొటో తీయదు, ముచ్చట పెట్టదు. ఎవరో ముందే అనుకోండ్రి. "అందరం ఉన్నం కదా" అన్న కాడనే పిల్లలు తప్పిపోతరు. ఒడ్డు మీద ఒండ్రు జారుతది, రాత్రిపూట నీళ్లు ఎక్కడ మొదలైనయో కనబడదు. హనుమకొండల సద్దుల నాడు పద్మాక్షి గుట్ట కాడ, ఎంగిలిపూల నాడు వేయిస్తంభాల గుడి కాడ ఇసుకపోస్తె రాలని జనం. బాబు మూడేండ్లు దాటే దాకా మీ వాడకట్టుల ఆడే కాడనే ఆడుండ్రి. గుడిని తాత వేరే దినం పొద్దున్నే పాపకు చూపిస్తడు. 1163ల రుద్రదేవుడు కట్టించిన గుడి, నల్లరాతి నంది, పాపతోని స్తంభాలు లెక్కపెట్టించుకుంట తిరిగితే ఒక పొద్దు గడుస్తది. పల్లెల అయితే మక్క కంకులు నిప్పుల మీద కాల్చిచ్చుడు, కోళ్లకు గింజలు వేసుడు.

ఫోన్ సంగతికి వేరే జవాబు అక్కర్లేదు. తాత చేతిల ఫోన్ కాకుండ మక్క కంకి ఉంటే చాలు. పిల్లల డాక్టర్ల సంఘం, ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, రెండేండ్ల లోపు స్క్రీన్ వద్దేవద్దని, ఐదేండ్ల లోపు దినానికి ఒక గంట దాటొద్దని చెప్పింది. సుట్టాలతోని వీడియో కాల్ చేసుకునుడు మాత్రం ఆ నిషేధంల లేదు. కాబట్టి పండుగకు నెల ముందటి నుంచి నానమ్మతోని వారానికి రెండు మూడు సార్లు వీడియోల మాట్లాడించు. "ఏం తిన్నవు, బడికి పోయినవా" అని అడిగితే పిల్లలు పారిపోతరు. నానమ్మ తన చేతిల ఉన్నది చూపించాలె, పెరట్ల బంతిచెట్టు ఎంత ఎత్తు పెరిగిందో, మొగ్గలెన్ని వేసిందో. ఆ మొగ్గలు విచ్చుకునే నాటికి మేం వస్తం అని పాప చెప్తది. ఇంటికి చేరినంక వాకిట్ల అందరి ముందట నిలబడకుండ నేరుగ ఆ బంతిచెట్టు కాడికే ఉరుకుతది.

అత్తమ్మ అన్న మాటకు జవాబు చెప్పాలనుకోకు. ఆమె అడిగింది పిల్లలను, వాదం కాదు. పోయినంక రెండో దినం "అత్తమ్మా, నేను బజారుకు పోయొస్త, పాప మీ దగ్గర ఉంటది" అని చెప్పి నిజంగనే బయటికి పో. మొదట గంట, తర్వాత పూట. ఆ గంటల పాప ఏడ్వొచ్చు, అంగీ ఖరాబు చేసుకోవచ్చు, అన్నం తినకపోవచ్చు. వచ్చి లెక్కలు అడుగకు. నువ్వు నడుమ ఉన్నంత సేపు పాప ఏది కావాలన్నా నీ దిక్కే చూస్తది, నానమ్మ కూడా నిన్నే అడుగుతది. నువ్వు లేనప్పుడే వాళ్లిద్దరికీ తమ సొంత ముచ్చట్లు పుడతయి. మీ అమ్మ దగ్గర కూడా ఇదే చెయ్యి. తల్లిగారింట్ల మనం పిల్లలను ఒదిలి పండుకుంటం గానీ, అత్తగారింట్ల పక్కనే కావలి ఉంటం. ఆ తేడా అత్తమ్మలకు కనబడతది.

సంక్రాంతికి మల్ల పోతరు కదా, అప్పుడు సకినాలు ఉన్నయి. బియ్యప్పిండి, నువ్వులు, వాము కలిపి బట్ట మీద చుట్టేటప్పుడు పాపకు ఒక ముద్ద ఇయ్యమను. చుట్టు రాకపోతే పాములు చేస్తది, అవి కూడా గోలియ్యుండ్రి. పొయ్యి ముట్టించినంక పిల్లలు ఆ గదిల ఉండొద్దు, తాత పతంగి పట్టుకొని బయటికి తీసుకపోవాలె.

ఇగ మేడారం. బాబు పుట్టినప్పుడు అత్తమ్మ నిలువెత్తు బంగారం, అంటే బాబు బరువంత బెల్లం, మొక్కుకున్నది, జాతరకే పోవాలె అంటుంది, నీకు జనం అంటే భయం. ఇద్దరి మాటా న్యాయమే. జాతర రెండేండ్లకోసారి, 2024ల అయింది, 2026ల అయింది. బుధవారం సారలమ్మ, గురువారం సమ్మక్క గద్దెల మీదికి వస్తరు, శుక్రవారం మొక్కులకు జనం కిక్కిరిసి ఉంటది, శనివారం వనప్రవేశం. ఆ నాలుగు దినాలల్ల రెండేండ్ల పిల్లగాన్ని ఎత్తుకొని గద్దెల కాడికి పోవుడు నేను వద్దనే చెప్త. కానీ మొక్కు ఆపాల్సిన పని లేదు. జాతర లేని దినాలల్ల కూడా ఏడాది పొడుగూత జనం పోయి బంగారం పెట్టి వస్తనే ఉంటరు. జాతర ఏడాదే కావాలని అత్తమ్మ పట్టుబడితే నెల ముందుగాల పోండ్రి, చానా మంది పసిపిల్లల తల్లులు అట్లనే పోతరు. హనుమకొండ నుంచి దాదాపు 100 కిలోమీటర్లు, తెల్లారక ముందే బయలెల్లితే ఎండ ఎక్కే లోపు దర్శనం అయితది. బాబును తక్కెడల కూసోబెట్టి బెల్లం తూచేటప్పుడు పట్టుకునేది నువ్వు కాదు, అత్తమ్మ. మొక్కింది ఆమె. ఒక బెల్లం ముక్క పాప చేతికిచ్చి గద్దె మీద పెట్టించు, తమ్మునికి బంగారం తూచిన ముచ్చటల తనకు పని లేకపోతే తొవ్వ పొడుగూత అలిగి కూసుంటది. వచ్చేటప్పుడు పిల్లలు బాగుంటే పాలంపేటల దిగి రామప్ప చూపించుండ్రి, అలిసిపోతే నేరుగ ఇంటికి రాండ్రి, ఆ గుడికి ఇంకో సెలవుల పోవచ్చు. బాబు అంగీ జేబుల నీ నంబరు, మీ ఆయన నంబరు రాసిన చీటీ పెట్టు, పాపకు నీ నంబరు నోటికి నేర్పించు. జాతర నాడు కాకపోయినా సరే, ఇది చేసే పో.